ఎర్ర మూత సిరంజి, ఆరెంజ్ మూత సిరంజి

పోయిన ఏడాది వానాకాలంలో ఒక రాత్రి మూడున్నరకి అమ్మ ఫోన్ చేసింది. ఆ టైంలో ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఊళ్ళో అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన వాళ్ళందరికీ తెలుసు. "మీ నాన్నగారు ఏదేదో మాట్లాడుతున్నారే, ఒళ్ళంతా చెమటలు, బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది, నన్ను ఎవరు నువ్వు అంటున్నారు" అంది. నేను హైదరాబాద్‌లో, వాళ్ళు భీమవరం దగ్గర పల్లెలో, తమ్ముడు డల్లాస్‌లో. షుగర్ మిషన్ పెట్టి చూడమన్నా. 48 వచ్చింది.

నాన్నకి షుగర్ పదహారేళ్ళ నుంచి ఉంది, ఇన్సులిన్ మొదలెట్టి నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో మా భయమంతా షుగర్ పెరగడం గురించే, తగ్గడం గురించి ఎవరమూ ఆలోచించలేదు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది మా పీహెచ్‌సీలో సిస్టర్ గారు ఎప్పుడో అమ్మకి చెప్పిన ఒక్క మాట. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగించు, పావుగంట ఆగి మళ్ళీ చూడు, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ ఇవ్వు అని. అమ్మ అదే చేసింది, పావుగంటకి 63, మళ్ళీ తాగించింది, ఇంకో పావుగంటకి 94. అప్పటికి నాన్న "ఏంటి అందరూ లేచి కూర్చున్నారు" అని అడిగారంట. తర్వాత నాలుగు ముద్దల పెరుగన్నం పెట్టింది, ఎందుకంటే పంచదారతో ఎక్కింది ఎక్కువ సేపు నిలవదు, పైన ఏదో ఒకటి తినాలి.

ఇక్కడే రెండు మూడు విషయాలు చెప్పేస్తా, ఎందుకంటే ఇవి ముందే తెలిసి ఉండాలి, ఆ టైంలో వెతుక్కునేవి కావు. చాక్లెట్, నేతి మిఠాయి లాంటివి పెట్టకండి, వాటిలో కొవ్వు వల్ల షుగర్ మెల్లగా ఎక్కుతుంది. వోగ్లిబోస్ అనే టాబ్లెట్ వాడేవాళ్ళకి మామూలు పంచదార త్వరగా పనిచెయ్యదు, ఆ టాబ్లెట్ పంచదార అరగడాన్నే ఆలస్యం చేస్తుంది, వాళ్ళకి గ్లూకోజ్ పౌడరే ఇవ్వాలి, చాలామందికి షుగర్ టాబ్లెట్‌లో ఇది కలిసే ఉంటుంది కాబట్టి స్ట్రిప్ వెనక ఒకసారి చదవండి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యడమే. ఇన్సులిన్ ఒక్కటే కాదు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి టాబ్లెట్లు వేసుకుని టిఫిన్ మానేసినా ఇలా షుగర్ పడిపోతుంది, ఉపవాసాల రోజుల్లో మన ఆడవాళ్ళకి ఎక్కువగా అయ్యేది ఇదే.

సరే, అసలు ఎందుకు పడిపోయింది అనేది తేలాలి కదా. మర్నాడు రాత్రికి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కేసా. ఇంటికెళ్ళి నాన్న మందుల డబ్బా మొత్తం మంచం మీద కుమ్మరించా. మూడు వారాల వెనక్కి వెళ్తే సంగతి ఇది. నాన్న మామూలుగా పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు వేసుకునేవారు, అంతా బాగానే నడిచేది. ఉన్నట్టుండి షుగర్ 300 దాటడం మొదలైంది. డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే సహజంగానే డోస్ పెంచారు, 26, 16 చేశారు. అయినా తగ్గలేదు. తర్వాత ఒక రోజు కొత్త సిరంజిల ప్యాకెట్ కొన్నారు, ఆ రెండో రాత్రే 48.

డబ్బాలో రెండు రకాల సిరంజిలు ఉన్నాయి. ఒక రకానికి ఎర్ర మూత, ఇంకో రకానికి ఆరెంజ్ మూత. రెండూ పక్కపక్కన పెట్టి వెలుతుర్లో చూశా. ఎర్ర మూత దాని మీద గీతలు 40 దాకా ఉన్నాయి, ఆరెంజ్ దాని మీద 100 దాకా. గొట్టం సైజు దాదాపు ఒకటే. నాన్న వాడే ఇన్సులిన్ సీసా మీద సన్న అక్షరాల్లో ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు అని ఉంది. అంటే ఆ సీసాకి ఎర్ర మూత సిరంజే వాడాలి. షాపులో ఎర్రవి అయిపోయి ఆరెంజ్‌వి ఇచ్చారు, ఎవరూ ఏమీ చెప్పలేదు, నాన్న 20 గీత దాకా లాగేవారు. కానీ ఆరెంజ్ సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు, ఆ సీసాలో మందుకి లెక్కేస్తే 8 యూనిట్లే. మూడు వారాలు నాన్న సగం కంటే తక్కువ ఇన్సులిన్ వేసుకున్నారు, షుగర్ పెరిగింది, డోస్ పెంచారు, ఆ తర్వాత మళ్ళీ ఎర్ర సిరంజి రావడంతో పెంచిన డోస్ పూర్తిగా ఒంట్లోకి వెళ్ళింది. ఎవరి తప్పూ పెద్దది కాదు, కానీ అన్నీ కలిసి రాత్రి మూడున్నరకి మా ఇంటికి వచ్చి కూర్చున్నాయి.

దీనికి తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల సీసా తెచ్చుకుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి, రెండున్నర రెట్లు. అందుకే మీ ఇంట్లో ఇన్సులిన్ వాడే మనిషి ఉంటే దయచేసి ఈ పూటే లేచి వెళ్ళి సీసా మీద 40 ఉందో 100 ఉందో, సిరంజి మూత ఏ రంగో చూడండి. 40కి ఎర్ర మూత, 100కి ఆరెంజ్ మూత. సిరంజి బదులు ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు, కానీ పెన్నులో కార్ట్రిడ్జ్ నుంచి సిరంజితో లాగే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు.

అప్పటి నుంచి నేను ఒకటి గట్టిగా నమ్ముతున్నా. మా ఇంట్లో జబ్బుల వల్ల వచ్చిన ఇబ్బంది కంటే, డాక్టర్ రాసినదానికీ షాపులో ఇచ్చినదానికీ మనం మింగేదానికీ మధ్య జారిపోయే చిన్న చిన్న వాటి వల్ల వచ్చిన ఇబ్బందే ఎక్కువ. డాక్టర్‌కి షాపులో ఏం ఇచ్చారో తెలీదు, షాపువాడికి ఇంట్లో ఇంకేం వాడుతున్నామో తెలీదు, అన్నీ ఒకచోట కలిసేది మన ఇంట్లోనే. కాబట్టి ఆ లెక్క మనమే రాసుకోవాలి.

రాయడమంటే యాప్‌లూ అవీ కాదు. నేను ఒక 200 పేజీల రూళ్ళ నోట్‌బుక్ కొని పెట్టా, అమ్మకో సగం నాన్నకో సగం. మొదటి పేజీలో పేరు, వయసు, బ్లడ్ గ్రూప్, ఏ మందు పడదో, నాన్నకి సల్ఫా పడదు, ఏ ఆపరేషన్ ఎప్పుడైందో, మా ఇద్దరి ఫోన్ నంబర్లు. రెండో పేజీలో ఇప్పుడు వాడే మందులు. ఇందులో కిటుకు ఏంటంటే బ్రాండ్ పేరు కాకుండా దాని కింద సన్నగా ఉండే మందు పేరు, ఎంజీ ఎంత, ఎందుకోసం, ఎప్పుడు, ఎవరు రాశారు, ఏ తారీఖు నుంచి అని రాయాలి. మందు మారితే కొట్టేసి కొత్తది రాసి పక్కన తారీఖు వెయ్యాలి, చింపెయ్యకూడదు.

ఈ బ్రాండ్ పేరు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు మంచం మీద కుమ్మరించిన డబ్బాలో ఇంకోటి కూడా బయటపడింది. టెల్మా 40 ఒక స్ట్రిప్, టెల్మికైండ్ 40 ఒక స్ట్రిప్. రెండిట్లో ఉన్నది టెల్మిసార్టాన్ అనే ఒకటే బీపీ మందు. ఒకటి పాత చీటీది, ఒకటి కొత్త చీటీది, కొత్త డాక్టర్ గారికి పాతది చూపించలేదు, నాన్న రెండూ వేసుకుంటున్నారు. పొద్దున మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి అంటే వయసు అనుకున్నాం. మందు పేరు చదవడం అలవాటైతే జన ఔషధి షాపులో కొనడం కూడా తేలికవుతుంది, అక్కడ బ్రాండ్ పేర్లు ఉండవు, మందు పేరే ఉంటుంది, మాకు బీపీ, షుగర్ టాబ్లెట్ల ఖర్చు బాగా తగ్గింది. అయితే మారేటప్పుడు పాత స్ట్రిప్ పక్కన పెట్టి మందు పేరూ ఎంజీ అక్షరం అక్షరం పోల్చుకోండి, చివర్లో ఎస్ఆర్, ఎక్స్ఆర్ లాంటివి (మందు ఒంట్లోకి మెల్లగా వదిలే రకం అని అర్థం) ఉంటే అవి కూడా కలవాలి, ఆ రకం టాబ్లెట్లని విరిచి, నూరి వేసుకోకూడదు కూడా.

ఇప్పుడు అమ్మ సంగతి. అమ్మకి కీళ్ళవాతం, మామూలు మోకాళ్ళ నొప్పి కాదు, పొద్దున లేస్తే వేళ్ళు గంట సేపు ముడవడానికి రాకుండా ఉండే రకం, రుమటాయిడ్ అంటారు. దానికి మెథోట్రెక్సేట్ రాశారు. ఈ టాబ్లెట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకలోని మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుళ్ళు పడతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఒకసారి మా ఊరి షాపులో కాకుండా టౌన్‌లో వేరే షాపులో తీసుకుంటే అక్కడి అబ్బాయి అలవాటు చొప్పున కవర్ మీద పెన్నుతో పొద్దున ఒకటి అని రాసి ఇచ్చేశాడు, అన్ని మందులకీ రాసినట్టే. అదృష్టం కొద్దీ నేను ఆ రోజు ఇంట్లో ఉన్నా. లేకపోతే అమ్మ కవర్ మీద ఉన్నదే నమ్మేది, ఎందుకంటే కవర్ మీద రాసింది డాక్టరే చెప్పాడనుకుంటారు మన పెద్దవాళ్ళు.

అప్పుడు అమ్మకి నేను చెప్పిన గుర్తు, మెథోట్రెక్సేట్ మంగళవారం. రెండూ మ తోనే. క్యాలెండర్‌లో మంగళవారాల చుట్టూ పసుపు రాసి పెట్టింది, వేసుకోగానే దాని మీద పెన్నుతో టిక్కు. ఆ స్ట్రిప్ మిగతా మందుల డబ్బాలో ఉండదు, విడిగా పోపుల పెట్టె పక్కన స్టీల్ డబ్బాలో ఉంటుంది, తీసుకున్నప్పుడల్లా నెలకి సరిపడా నాలుగో అయిదో వారాలవే కొంటాం. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు కాకుండా వేరే రోజు, అమ్మకి గురువారం. రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష, లివర్ పరీక్ష తప్పకుండా చేయించాలి. జ్వరం వచ్చినా, నోట్లో పుళ్ళు వచ్చినా ఆ వారం డోస్ వేసుకోకుండా ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఈ మెథోట్రెక్సేట్, ఈ ఫోలిక్ యాసిడ్, రెండిటి వెనకా ఉన్నది మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, దాన్ని అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి, మెథోట్రెక్సేట్ అందులోదే, మొదట క్యాన్సర్‌కి వాడారు, తర్వాత కీళ్ళకి. ఆయన 1948లోనే పోయారు. అమ్మకి ఇది చెప్తే స్ట్రిప్ చేతిలో పట్టుకుని కాసేపు చూసి "మన ఊరాయనా" అంది. అప్పటి నుంచి మంగళవారం మర్చిపోవడం లేదు.

అమ్మకి థైరాయిడ్ కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఆ టాబ్లెట్ కాఫీతో వేసుకుంది. ప్రతిసారీ థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువ రావడం, డోస్ పెంచడం. పరగడుపున, ఉత్త మంచినీళ్ళతో, కాఫీకి కనీసం అరగంట ముందు, గంట అయితే ఇంకా మంచిది. కాల్షియం, ఐరన్ టాబ్లెట్లకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని ఒంటికి పట్టనివ్వవు. ఇప్పుడు అమ్మ సీసా తలగడ పక్కనే పెట్టుకుంటుంది, అయిదింటికి మెలకువ రాగానే వేసేసుకుంటుంది, కాల్షియం మధ్యాహ్నం భోజనంతో. డోస్ పెంచకుండానే రిపోర్ట్ నార్మల్‌కి వచ్చింది.

బీపీ చూసుకోవడం. ఆటో దిగి, హాస్పిటల్ మెట్లెక్కి, లైన్లో నిలబడి, కుర్చీలో కూర్చోగానే పట్టీ చుట్టేస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఇంట్లో మిషన్ ఉంటే మంచిది, మణికట్టుకి కట్టేది కాదు, జబ్బకి చుట్టేది. లావు జబ్బ అయితే పట్టీ పెద్ద సైజు తీసుకోవాలి, బిగుతు పట్టీతో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు, బాత్రూంకి వెళ్ళొచ్చి, వెనక్కి ఆనుకుని, కాళ్ళు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. మా నాన్నకి ఈ ఆఖరిది కష్టం. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక వారం పాటు పొద్దున, సాయంత్రం రాసుకుని ఆ పేజీ తెరిచి చూపిస్తే వాళ్ళకి ఎంత ఉపయోగమో, మా డాక్టర్ గారు ఆ పేజీ చూసి ఒక టాబ్లెట్ తీసేశారు. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటున 135/85 దాటుతుంటే అది ఎక్కువ కిందే లెక్క. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారుపడి ఇంకో టాబ్లెట్ వేసుకోవద్దు.

నొప్పుల మాత్రలు. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. మా వైపు పొలం పనికీ చెరువుల పనికీ వెళ్ళేవాళ్ళు ఒళ్ళు నొప్పులకి షాపులో రెండు మాత్రలు అడిగి తెచ్చుకుని రోజూ మింగుతారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఏదైనా షుగర్, బీపీ ఉన్నవాళ్ళ కిడ్నీలకి మంచిది కాదు, బీపీని పెంచుతాయి కూడా. రెండు రోజులు వాడితే ఏదో అయిపోతుందని కాదు, ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి వాడటమే. ఇంజెక్షన్ వెయ్యగానే మంత్రం వేసినట్టు నొప్పి పోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి ఆ వారమంతా షుగర్ ఎగిరిపోతుంది. వేసే ముందు అందులో ఏముందో అడిగి కాగితం మీద రాయించుకోండి, అడగడం మర్యాద తక్కువ పని కాదు.

నాన్న కాళ్ళు. రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ నాన్న అరికాళ్ళు చూస్తుంది, వేళ్ళ సందులు కూడా. మొదట్లో ఆయనకి మొహమాటంగా ఉండేది. షుగర్ వల్ల కాళ్ళకి స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. పోయిన వేసవిలో గుడికెళ్ళి మధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణ చేసి వచ్చారు, ఏమీ నొప్పి లేదన్నారు, రాత్రికి చూస్తే రెండు అరికాళ్ళలో బొబ్బలు. మానడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు గుడికి పొద్దున్నే వెళ్తారు. నొప్పులని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టేటప్పుడు ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి కానీ డీప్ ఫ్రీజర్‌లో కాదు, దానికి ఆనించి కూడా కాదు, ఒకసారి గడ్డ కట్టిందంటే పారెయ్యడమే. వాడుతున్న సీసా బయట చల్లటి చోట నాలుగు వారాల దాకా ఉంటుంది, సీసా మీద తెరిచిన తారీఖు రాయండి. మా ఊళ్ళో ఎండాకాలం కరెంటు పోతే అమ్మ కొత్త కుండలో కొద్దిగా నీళ్ళు పోసి, అందులో స్టీల్ గ్లాసు పెట్టి, గ్లాసులో కవర్ చుట్టిన సీసా పెడుతుంది. బాగా పనిచేస్తుంది.

పిల్లల దగ్గరికి వస్తే ఇక్కడా అదే కథ, ఒకటే పేరు, వేరే బలం. పారాసెటమాల్ సిరప్ అయిదు మిల్లీలీటర్లకి 125 ఎంజీది ఉంటుంది, 250ది ఉంటుంది, చంటిపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క మిల్లీలీటర్‌లోనే 100. మా పాపకి అలవాటుగా అయిదు పోస్తున్నా కదా అని కొత్త సీసా నుంచి అయిదు పొయ్యబోయి ఆగిపోయా ఒకసారి, డబుల్ అయ్యేది. బరువుకి లెక్క, కిలోకి సుమారు 15 ఎంజీ, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లు మించకుండా, మీ పిల్లల డాక్టర్‌ని అడిగి ఇప్పటి బరువుకి ఎంతో ఫ్రిజ్ మీద అంటించుకోండి. జలుబు సిరప్‌లో కూడా పారాసెటమాల్ కలిసి ఉండొచ్చు, రెండూ కలిపి ఇచ్చేస్తుంటాం.

వానాకాలం జ్వరాలకి డెంగీ ఏమో అని అనుమానం ఉన్నంతవరకూ పెద్దలకైనా పిల్లలకైనా పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పుల మందు ఇవ్వొద్దు, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతారు, కానీ కనిపెట్టుకుని ఉండాల్సింది జ్వరం తగ్గిన తర్వాత రెండు రోజులు. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకుంటాం, అప్పుడే కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మనిషి మత్తుగా పడి ఉండటం, ఆరు గంటలైనా ఒంటికి పోకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రి అని చూడకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోవాలి.

విరేచనాలకి ఓఆర్ఎస్. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళ పాటు పోట్లాడారు, ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని టెట్రా ప్యాకుల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు, వాటిలో పంచదార ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి అని. చివరికి 2025 అక్టోబర్‌లో తినే వస్తువుల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలతో దేశం మొత్తానికి జరిగింది, తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి, ఎందుకంటే మా పాపకి ఏడాది వయసులో నేను కూడా అలాంటిదే తాగించా. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పౌడర్ ప్యాకెట్ అడగండి, పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా ఇస్తారు. లీటర్ ప్యాకెట్ అయితే లీటర్ నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చెంచాడు చెంచాడు కలపకూడదు, 24 గంటల తర్వాత మిగిలింది పారబొయ్యాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు టీస్పూన్లు పంచదార, అర టీస్పూన్ ఉప్పు, గీసి కొలిచి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్ళీ. పిల్లలకి దీంతోపాటు జింక్ 14 రోజులు ఇస్తారు, విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపకూడదు.

ఎమర్జెన్సీ గురించి కొంచెమే. మూతి ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వస్తున్నా అది పక్షవాతం, టైం చూసి రాసుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలే, అందుకని సీటీ స్కాన్ ఉన్న హాస్పిటల్‌కే నేరుగా వెళ్ళాలి, పసరు మందు పోయించడానికి తిరిగి టైం పోగొట్టుకోవద్దు. గుండెల్లో పట్టేసినట్టుండి చెమటలు పడితే గ్యాస్ అని ఈనో తాగి పడుకోకుండా ముందు ఈసీజీ. 108 మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్ట్ 15న మొదలైంది, ఇవాళ్టికీ ఉచితమే, ఫోన్‌లో గుడి, స్కూలు, వాటర్ ట్యాంకు లాంటి గుర్తు చెప్పి ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టండి. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు నోట్‌బుక్ వెనక అట్టలో పెట్టి ఉంచా, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడ్వాన్స్ కట్టకముందే అక్కడ ఉండే ఆరోగ్యమిత్రని అడగాలి, కట్టేశాక అడిగితే గొడవ. ఆంధ్రాలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబర్ నుంచి అక్కడ పది లక్షల దాకా వైద్యం ఉచితం.

డిశ్చార్జ్ రోజు బిల్లు హడావుడిలో ఎవరమూ మందుల గురించి సరిగ్గా వినం. నేను ఇప్పుడు నోట్‌బుక్ రెండో పేజీ తెరిచి సిస్టర్ గారి ముందు పెట్టి ఒక్కటే అడుగుతా, పాతవాటిలో ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి అని. కొత్తవి ఏవో వాళ్ళే చెప్తారు, ఆపాల్సినవి అడిగితేనే చెప్తారు.

సిరంజి సంగతి తేలాక డాక్టర్ గారి దగ్గరికి ఎర్ర మూతా ఆరెంజ్ మూతా రెండూ పట్టుకెళ్ళా. ఆయన చూసి డోస్ మళ్ళీ 20, 12కి తెచ్చారు, ఇవి మా నాన్నకి సరిపడే అంకెలు, మీవి మీ డాక్టర్ చెప్తారు. చీటీ మీద ఇన్సులిన్ పేరు పక్కన 40 అని, కింద ఎర్ర మూత సిరంజి అని తెలుగులో రాసి ఇచ్చారు. నాన్న ఇప్పుడు షాపులో ఆ చీటీ చూపించి, ప్యాకెట్ చింపి మూత రంగు చూసుకునే డబ్బులిస్తున్నారు.

వచ్చే వారం మళ్ళీ ఇంటికెళ్తున్నా. నాన్నకి రెటీనా పరీక్ష బాకీ ఉంది, ఏడాదికోసారి చేయించాల్సింది, నోట్‌బుక్‌లో చూస్తే రెండేళ్ళు దాటింది. కంట్లో చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి మీద వద్దు, ఆటో మాట్లాడమని అమ్మకి చెప్పా, నల్ల కళ్ళద్దాలు కూడా గుర్తు పెట్టుకోమని.